పదానికి అర్థం చెబితే చాలదు, పని కూడా చెప్పాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లలో ఇంగ్లిషు పాఠ్యపుస్తకాలను తీర్చిదిద్దే పెద్దలందరికీ,



నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెప్పే స్కూల్ అసిస్టెంటును. ఇరవై రెండేళ్లుగా ఆరు నుంచి పది వరకు అన్ని తరగతులకూ పాఠాలు చెబుతున్నాను. ఎక్కడో ఒక పుస్తకంలో పడిన అచ్చుతప్పు గురించో, ఒక పాఠం కష్టంగా ఉందనో ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మన పిల్లలు ఇంగ్లిషు పదాలను ఏళ్ల తరబడి నేర్చుకుంటున్నా వాక్యంలో పెట్టలేకపోవడానికి నాకు అర్థమైన కారణం ఒకటి ఉంది. దాన్ని సరిచేయగల అవకాశం నా చేతిలో కంటే మీ చేతుల్లో ఎక్కువగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కిందట ఏడో తరగతి నోటుబుక్కులు దిద్దుతుంటే ఒక అమ్మాయి రాసిన వాక్యం దగ్గర ఆగాను. 'ఐ హావ్ హంగ్రీ' అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి 'ఐ యామ్ హంగ్రీ' అని రాసిచ్చాను. పది రోజుల తర్వాత మళ్లీ అదే వాక్యం. ఈసారి దిద్దకుండా పిలిచి అడిగాను, ఎందుకలా రాశావమ్మా అని. ఆ పిల్ల నోటుబుక్కు చివరి పేజీలు తెరిచి చూపించింది. అక్కడ వరసగా పదాలు, ఎదురుగా అర్థాలు. 'హంగ్రీ: ఆకలి.' 'హంగ్రీ అంటే ఆకలి కదా టీచర్, ఉంది అంటే హావ్ కదా. నాకు ఆకలి ఉంది, ఐ హావ్ హంగ్రీ' అంది. నేను బోర్డు మీద రాయించిన అర్థమే అది. ఆ అర్థం నుంచి ఆ పిల్ల తర్కంతో, క్రమంతో కట్టిన వాక్యం అది. ఆమె ఆలోచనలో పొరపాటు లేదు. పొరపాటు ఆమెకు మేమిచ్చిన అర్థంలో ఉంది.

ఆకలి నామవాచకం. దానికి సరైన ఇంగ్లిషు మాట హంగర్. హంగ్రీ విశేషణం, అంటే 'ఆకలిగా ఉన్న' అని. ఈ తేడాను అర్థం రాసేటప్పుడే చెప్పి ఉంటే ఆ వాక్యం పుట్టేదే కాదు. ఆ రోజు నుంచి పిల్లల తప్పులను వేరే కంటితో చూడటం మొదలుపెట్టాను. యాంగ్రీ అంటే కోపం, హ్యాపీ అంటే సంతోషం, అఫ్రైడ్ అంటే భయం, టైర్డ్ అంటే అలసట, థర్‌స్టీ అంటే దాహం. మనం తరతరాలుగా నోటితో చెప్పి, బోర్డు మీద రాసి, గైడుల్లో అచ్చువేసిన అర్థాలివి. ఒక్కదానికీ పదం తరగతి, అంటే భాషాభాగం, కుదరలేదు. ఇంగ్లిషు వైపు విశేషణం, తెలుగు వైపు నామవాచకం. తూకంలో ఒక పక్క కిలో రాయి వేసి ఇంకో పక్క అరకిలో సరుకు పోసినట్టు. ఆ తప్పుడు తూకంతోనే పిల్లలు పదేళ్లు బేరం చేస్తారు.

నేను మీకు చెప్పదలచిన సంగతి ఇది: పదానికి అర్థం ఒక సగం, వాక్యంలో అది చేసే పని ఇంకో సగం. ఆ పని పేరే భాషాభాగం. మనం మొదటి సగాన్ని పదజాలం పాఠంలో, రెండో సగాన్ని వ్యాకరణం పాఠంలో విడివిడిగా నేర్పుతున్నాం. పిల్లవాడి బుర్రలో ఆ రెండూ ఎప్పుడూ కలుసుకోవడం లేదు. పరీక్షలో గీత గీసిన పదం అడ్జెక్టివ్ అని గుర్తుపట్టి మార్కు తెచ్చుకున్న పిల్లవాడే అదే పదాన్ని సొంత వాక్యంలో నామవాచకంలా వాడుతున్నాడు. రెండు పాఠాలనూ ఒక్క చోటికి తెచ్చే దారి పుస్తకంలోనే ఉండాలి.

ఈ తప్పులకు మూలం మన భాషలో ఎక్కడుందో కూడా చెబుతాను. మీలో చాలామందికి తెలిసిన సంగతే అయినా, తరగతి గదిలో ఇది ఎలా కనిపిస్తుందో ఒకసారి చూడండి.

తెలుగులో 'గా' అనే చిన్న ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. 'ఆమె అందంగా ఉంది' అంటాం, 'ఆమె అందంగా పాడింది' అంటాం. మనకు రెండు చోట్లా ఒకటే 'అందంగా'. ఇంగ్లిషులో మొదటిది బ్యూటిఫుల్, రెండోది బ్యూటిఫుల్లీ. మొదటి వాక్యం ఆమె ఎలా ఉందో చెబుతోంది, రెండోది పాడిన తీరు ఎలా ఉందో చెబుతోంది. స్లో అంటే నెమ్మది, స్లోలీ అంటే నెమ్మదిగా అని నేర్పినప్పుడు పిల్లలు తమంతట తామే ఒక సూత్రం తయారుచేసుకుంటారు: 'గా' వస్తే 'లీ' తగిలించాలి. ఆ సూత్రం ప్రకారం 'షీ ఈజ్ హ్యాపీలీ' అని రాస్తారు. 'వేగంగా' కాబట్టి 'ఫాస్ట్‌లీ' అంటారు. అటు చూస్తే ఫ్రెండ్లీ, లవ్లీ అనే మాటలు చివర 'లీ' ఉన్నా విశేషణాలే. ఫాస్ట్ అనే మాట ఏ తోకా లేకుండా రెండు పనులూ చేస్తుంది. 'గా' గురించి ఒక్క పేజీ రాసి, 'ఉండు' అనే క్రియకు ముందు వచ్చే 'గా' వేరు, మిగిలిన క్రియల ముందు వచ్చే 'గా' వేరు అని రెండు వరసల్లో చూపిస్తే ఏడో తరగతి పిల్లలు అరగంటలో పట్టుకుంటారు. నేను చెప్పి చూశాను, పట్టుకున్నారు.

రెండో మూలం మన నోళ్లలో ఇప్పటికే ఉన్న ఇంగ్లిషు మాటలు. మన పిల్లలకు ఇంగ్లిషు పదాలు తెలియవనుకోవడం పొరపాటు. టెన్షన్, కన్ఫ్యూజ్, సక్సెస్, ఫీల్, డిసైడ్, అడ్జస్ట్ లాంటి మాటలు ఊళ్లో ఎవరి నోట విన్నా వినిపిస్తాయి. అయితే తెలుగు ఏ పరాయి మాటనైనా తన పద్ధతిలోనే లోపలికి రానిస్తుంది. ఆ మాట పుట్టిన చోట క్రియ అయినా, నామవాచకం అయినా, ఇక్కడికి వచ్చాక దానికి చేయు, అవు, పడు అనే ఊతకర్ర ఇచ్చి నడిపిస్తుంది. ఉర్దూ దారిన వచ్చిన రద్దు, జప్తు, ఖరారు, తయారు అనే మాటలను 'రద్దు చేశారు', 'ఖరారైంది' అంటూ ఇలాగే వాడుకున్నాం. సంస్కృతం నుంచి వచ్చిన ప్రయత్నానికి, ఆలోచనకు 'ఇంచు' తగిలించి ప్రయత్నించు, ఆలోచించు అని క్రియలు చేసుకున్నాం. ఇప్పుడు ఇంగ్లిషు మాటలకు అదే చేస్తున్నాం. 'డిసైడ్ అయ్యాను', 'టెన్షన్ పడుతున్నాను', 'సినిమా సక్సెస్ అయింది', 'కన్ఫ్యూజ్ అయ్యాను' అంటున్నాం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, ఇది తెలుగుకున్న బలం.

కానీ ఈ ప్రయాణంలో పదం తన తరగతిని పొలిమేర దగ్గర వదిలేసి వస్తుంది. డిసైడ్ క్రియ అని, టెన్షన్ నామవాచకమని తెలుగు చెవికి తెలిసే దారి లేదు, రెండూ ఒకే రకం ఊతకర్రతో నడుస్తున్నాయి కాబట్టి. అందుకే పిల్లలు ఆ మాటలను మళ్లీ ఇంగ్లిషుకు తీసుకెళ్లినప్పుడు 'ఐ యామ్ టెన్షన్', 'ఐ యామ్ కన్ఫ్యూజ్', 'ద ఫిల్మ్ ఈజ్ సక్సెస్' అని రాస్తారు. ఈ పిల్లలకు కొత్త పదాలు నేర్పడం కంటే ముందు తెలిసిన పదాలకు పోయిన తరగతిని తిరిగి ఇవ్వాలి. మా తరగతిలో నేను 'తెలుగులో తిరిగే ఇంగ్లిషు మాటలు' అని వంద పదాల చీటీ ఒకటి గోడకు అంటించాను. ప్రతి పదం పక్కన దాని పుట్టిల్లు రాసి ఉంటుంది: నౌన్ ఇంటిదా, వెర్బ్ ఇంటిదా, అడ్జెక్టివ్ ఇంటిదా అని. పిల్లలు ఎక్కువ ఇష్టంగా చదివేది ఆ చీటీనే. తాము రోజూ అనే మాట గురించి తమకు తెలియని సంగతి ఒకటి దొరికిందన్న సంబరం వాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది.

మూడో మూలం విభక్తులు. మన 'లో', 'కి', 'తో', 'నుంచి' నామవాచకం వెనక నడుస్తాయి. ఇంగ్లిషు ప్రిపొజిషన్లు ముందు నడుస్తాయి. ఈ తేడాను పిల్లలు త్వరగానే దాటుతారు. దాటలేనిది ఇంకొకటి ఉంది. 'సమస్య గురించి చర్చించారు' అంటాం కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ పెడతారు. 'ఇంటికి చేరాం' కాబట్టి రీచ్ పక్కన టు పెడతారు. డిస్కస్, రీచ్ అనే క్రియలు తమ కర్మను నేరుగా తీసుకుంటాయని, మధ్యవర్తి అక్కర్లేదని ఆ పదం నేర్పిన రోజే చెప్పాలి. ఇది ప్రిపొజిషన్ల పాఠంలో చెప్పవలసిన సంగతి కాదు. ఆ క్రియ స్వభావంలోనే ఉన్న సంగతి, దాని అర్థంలో భాగం.

లెక్కించే మాటలు, లెక్కించని మాటలూ అంతే. మనకు పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనమే. 'పాలు విరిగాయి' అంటాం, 'నీళ్లు వచ్చాయి' అంటాం. ఇంగ్లిషులో మిల్క్, వాటర్ ఏకవచనంలో నడుస్తాయి. 'వాటర్ ఆర్ కమింగ్' అని రాసిన పిల్లవాడు వ్యాకరణం మరిచిపోలేదు, తెలుగును గుర్తుపెట్టుకున్నాడు. లగేజీలు, హోంవర్కులు, ఫర్నిచర్లు అని మనం అనే ప్రతిసారీ ఆ మాటలకు ఇంగ్లిషులో లేని బహువచనం ఒకటి పిల్లల చెవిలో స్థిరపడుతుంది. ఈ విషయం వారికి ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి కదా.

ఇక భాషాభాగాలను మనం నిర్వచించే తీరు గురించి. పేరును తెలిపేది నౌన్, పనిని తెలిపేది వెర్బ్ అని చెబుతాం. తెలివైన పిల్లవాడు ఎవరైనా వెంటనే అడుగుతాడు: 'అరైవల్ అంటే రాక. రావడం పని కదా, మరి నౌన్ ఎలా అయింది?' అని. నో (తెలుసు), బిలాంగ్, సీమ్ అనే క్రియల్లో ఎవరూ ఏ పనీ చేయడం లేదు, మరి అవి వెర్బ్‌లు ఎలా అయ్యాయి? ఈ నిర్వచనాలతో పిల్లలు అర్థాన్ని చూసి ఊహిస్తారు, పదం నడకను చూడరు.

ఎనిమిది భాషాభాగాలు అనే లెక్క కూడా ఆకాశం నుంచి దిగింది కాదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు డయోనిసియస్ థ్రాక్స్ పేరుతో వచ్చిన వ్యాకరణం గ్రీకు భాషకు ఎనిమిది విభాగాలు చెప్పింది. అందులో ఆర్టికల్ ఒకటి. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. లాటిన్ వ్యాకర్తలు దాన్ని తీసేసి, ఆశ్చర్యార్థకాన్ని చేర్చి, ఎనిమిది లెక్కను నిలబెట్టుకున్నారు. ఆ లాటిన్ చట్రమే కొద్ది మార్పులతో ఇంగ్లిషు బడి పుస్తకాల్లోకి వచ్చింది. 1795లో లిండ్లీ మరే రాసిన ఇంగ్లిషు వ్యాకరణం ఆర్టికల్‌ను మళ్లీ కలిపి తొమ్మిది చెప్పింది. మన దేశంలో తరాల తరబడి చేతులు మారిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఎనిమిది దగ్గర నిలబడింది. ఇటు మన వైపు చూస్తే ప్రాచీన పండితుడు యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు చెప్పాడు. తెలుగు బళ్లలో మనం నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు చెబుతాం. 1952లో అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రైస్ టెలిఫోన్ సంభాషణలు రికార్డు చేసి, వాక్యంలో ఏ పదం ఏ ఖాళీలో ఇముడుతుందో చూసి, నాలుగు పెద్ద తరగతులు, పదిహేను చిన్న గుంపులు అని తేల్చాడు. లెక్క ఎంతన్నది పెద్ద విషయం కాదు. నిర్వచనం వల్లెవేయించడం కంటే పదం ఏ ఖాళీలో ఇముడుతుందో చూపడం మేలన్నదే నేను ఫ్రైస్ నుంచి నేర్చుకున్నది.

దీన్ని మా తరగతిలో ఇలా మొదలుపెడతాను. బోర్డు మీద అర్థం లేని ఒక తెలుగు వాక్యం రాస్తాను: 'నిన్న ఆ టొమిక పిరసంగా జిబికింది.' ఏది జిబికింది అని అడిగితే టొమిక అంటారు. ఎలా జిబికింది? పిరసంగా. అవి చాలా ఉంటే? టొమికలు. రేపు ఏం చేస్తుంది? జిబుకుతుంది. ఒక్క మాటకూ అర్థం తెలియదు, అయినా ప్రతి పదం తరగతి ఏదో పిల్లలందరికీ తెలుసు. అప్పుడు అడుగుతాను, మీకెలా తెలిసిందని. చివర ఉన్న తోకను బట్టి, నిలబడిన చోటును బట్టి అని వాళ్లే చెబుతారు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్న పిల్లలకు 'వగ్' అనే కల్పిత ప్రాణి బొమ్మ చూపించి, రెండు ఉంటే ఏమంటారని అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు సరైన బహువచనం చెప్పారు. ఆ శక్తి మన పిల్లల్లోనూ నిండుగా ఉంది, తెలుగులో ఉంది. దాన్ని ఇంగ్లిషుకు మళ్లించడమే మన పని.

తెలుగులో ఇప్పటికే ఉన్న ఇంకో ఆస్తి చూడండి. ఆట ఆడు, పాట పాడు, వంట వండు, పంట పండు, కోత కోయి, రాత రాయి, ఈత ఈదు. ప్రతి జంటలో ఒకటి నామవాచకం, ఇంకొకటి క్రియ. పొలంలో, వంటింట్లో, ఆటస్థలంలో పిల్లలు పుట్టినప్పటి నుంచి వినే జంటలివి. భాషాభాగం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి మొదలు ఏముంటుంది? ఇక్కడి నుంచి ఇంగ్లిషుకు వెళ్లి, తెలుగులో రూపం మారుతుంది, ఇంగ్లిషులో చాలాసార్లు రూపం మారకుండా చోటు మాత్రమే మారుతుంది అని చెప్పాలి. వాక్ అంటే నడకా అదే, నడుచు అదే. 'వాటర్ ద ప్లాంట్స్' అన్నప్పుడు వాటర్ క్రియ; మనం 'నీళ్లు పోయి' అని రెండు మాటల్లో చెప్పేదాన్ని ఇంగ్లిషు ఒక్క మాటను చోటు మార్చి చెబుతుంది. రౌండ్ అనే ఒక్క పదం ఇంగ్లిషులో నౌన్‌గా, వెర్బ్‌గా, అడ్జెక్టివ్‌గా, అడ్వెర్బ్‌గా, ప్రిపొజిషన్‌గా ఐదు పనులు చేస్తుంది. దానికి 'గుండ్రం' అని ఒక్క అర్థం రాసుకున్న పిల్లవాడికి మిగిలిన నాలుగు తలుపులూ మూసుకుపోతాయి.

కొన్ని మాటల్లో చోటుతో పాటు ఉచ్చారణ కూడా మారుతుంది. రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్ లాంటివి నౌన్ అయితే మొదటి అక్షరం మీద, వెర్బ్ అయితే రెండో అక్షరం మీద నొక్కి పలుకుతారు. తెలుగులో అలాంటి నొక్కు అర్థాన్ని మార్చదు కాబట్టి మన చెవికి అది వినపడదు. యూస్ అంటే ఉపయోగం, యూజ్ అంటే ఉపయోగించు. అడ్వైస్ సలహా, అడ్వైజ్ సలహా ఇవ్వు. ఈ తేడాను మన లిపి చక్కగా చూపించగలదు, మనమే వాడుకోవడం లేదు.

పదజాలం వైపు వస్తే, ఎన్ని పదాలు నేర్పాలన్న ప్రశ్న మన ప్రాంతాలకు కొత్తది కాదు. 1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలు ఇంగ్లిషు చదవడానికి పడే ఇబ్బందిని దగ్గరగా చూశాడు. పరిమితమైన పదాలతో వాచకాలు తయారుచేశాడు. 1953లో ఆయన ప్రచురించిన సుమారు 2,000 పదాల పట్టికలో ప్రతి పదానికీ ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో కూడా ఇచ్చాడు. అంటే పదాన్ని ఒంటరిగా కాకుండా దాని వాడుకతో కలిపి చూపించాడు. టోక్యోలో జపాన్ విద్యార్థులకు బోధించిన హార్న్‌బీ 1942లో అక్కడే తెచ్చిన నిఘంటువు ఇంకో అడుగు వేసింది. ఏ నామవాచకాన్ని లెక్కించవచ్చో, ఏ క్రియ తర్వాత ఏ రకం వాక్యనిర్మాణం వస్తుందో ప్రతి పదం దగ్గరా చెప్పింది. ఈనాడు మన విద్యార్థులు వాడే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువుకు మూలం అదే. పరాయి భాష నేర్చుకునేవాళ్లకు పదం అర్థంతో పాటు పదం నడవడిక కూడా కావాలని ఆయన గుర్తించాడు. మన సీపీ బ్రౌన్ కూడా పంతొమ్మిదో శతాబ్ది మధ్యలో అచ్చయిన తన తెలుగు–ఇంగ్లిషు నిఘంటువులో ప్రతి మాట పక్కనా అది నామవాచకమో, క్రియో, విశేషణమో గుర్తు పెట్టాడు. ఆయన పెట్టిన ఆ చిన్న గుర్తును మన బడి అర్థాల పట్టికల్లో, గైడుల్లో వదిలేసుకున్నాం.

2006లో న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ ఒక లెక్క చెప్పాడు. సాయం లేకుండా నవలలు, వార్తాపత్రికలు చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలని. ఒక్కో పదాన్నీ విడిగా బట్టీ పడితే పది తరగతుల్లో ఏ పిల్లవాడూ అక్కడికి చేరలేడు. కుటుంబంగా నేర్చుకుంటే దారి దగ్గరవుతుంది. డిసైడ్ నేర్పిన రోజే డెసిషన్, డెసిసివ్ కూడా చూపించి, 'షన్' తోక నౌన్‌ను చేస్తుందని, 'ఇవ్' తోక అడ్జెక్టివ్‌ను చేస్తుందని చెబితే, ఆ రెండు తోకలతో పిల్లవాడు రేపు తనంతట తాను పది కొత్త పదాలను గుర్తుపడతాడు.

ఇది ఇంగ్లిషు పీరియడ్‌కు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇప్పుడు రెండు రాష్ట్రాల ప్రభుత్వ బళ్లలోనూ పిల్లలు లెక్కలు, సైన్సు, సాంఘికం ఇంగ్లిషులో చదువుతున్నారు. మల్టిప్లై అంటే గుణించు, మల్టిప్లికేషన్ గుణకారం, మల్టిపుల్ గుణిజం. డిజాల్వ్ కరుగు, సాల్యుబుల్ కరిగే, సొల్యూషన్ ద్రావణం, సాల్యుబిలిటీ ద్రావణీయత. పదం తరగతి తెలియని పిల్లవాడికి ఇవన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. ప్రశ్న ఏం అడుగుతోందో అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం ఆ సబ్జెక్టు రాకపోవడం కాదు, ప్రశ్నలోని పదం వస్తువు పేరో, జరిగే క్రియో, గుణమో తేలకపోవడం. అదృష్టం ఏమిటంటే ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. తెలుగు పేజీ ఇంగ్లిషు పేజీకి తోడుగా నిలబడి ఉంది. ఆ తోడును పూర్తిగా వాడుకోవాలన్నదే నా కోరిక.

మీ ముందు నాలుగు విన్నపాలు ఉంచుతున్నాను.

మొదటిది, అర్థాల పట్టికల్లో పదం తరగతికి సరిపోయే తెలుగునే ఇవ్వండి. హ్యాపీ పక్కన 'సంతోషం' అని కాక 'సంతోషంగా ఉన్న' అని, హ్యాపీనెస్ పక్కన 'సంతోషం' అని రాయండి. క్రియకు క్రియ, విశేషణానికి విశేషణం. పక్కనే ఒక చిన్న గుర్తు, కింద ఒక చిన్న వాక్యం. దీనికి కొత్త పేజీలు అక్కర్లేదు, మాటల ఎంపికలో శ్రద్ధ చాలు.

రెండోది, ఆరో తరగతి నుంచి ప్రతి పుస్తకంలో తెలుగు–ఇంగ్లిషు పోలిక పేజీలు కొన్ని పెట్టండి. 'గా' గురించి ఒకటి, ఊతక్రియలతో తిరిగే ఇంగ్లిషు మాటల గురించి ఒకటి, పాలు–నీళ్ల గురించి ఒకటి. మాతృభాషతో పోల్చి చెప్పడం ఇంగ్లిషుకు అడ్డమన్న భయం వదిలేయండి. పిల్లలు ఎలాగూ పోల్చుకుంటూనే ఉన్నారు, తప్పుగా పోల్చుకుంటున్నారు. సరిగా పోల్చడం మనం నేర్పాలి.

మూడోది, ప్రశ్న తీరు మార్చండి. గీత గీసిన పదం ఏ భాషాభాగం అని అడిగితే పేరు తెలిస్తే సరిపోతుంది. ఇదే పదాన్ని ఇంకో పనిలో పెట్టి వాక్యం రాయండి అని అడిగితే పదం వాడటం రావాలి. బళ్లలో బోధన పరీక్ష వెంట నడుస్తుందని మీకు తెలుసు. ప్రశ్న మారిన ఏడాదే తరగతి గది మారుతుంది.

నాలుగోది, ఈ పని మాతో కలిసి చేయండి. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై నేడు ఇఫ్లూగా (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) ఉన్న విశ్వవిద్యాలయం మనకు దగ్గరలోనే ఉంది. అక్కడి పండితుల శాస్త్రం, ఊళ్లలో నోటుబుక్కులు దిద్దే టీచర్ల అనుభవం ఒక బల్ల ముందు కూర్చోవాలి. ప్రతి ఇంగ్లిషు టీచరు దగ్గరా పిల్లలు రాసిన తప్పుల రాశి ఉంటుంది. వాటిని స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సేకరించి, ఏ తప్పు ఏ తెలుగు అలవాటు నుంచి వస్తోందో వర్గీకరిస్తే, ఏ పరాయి పుస్తకం నుంచీ దొరకని పాఠం మనకు దొరుకుతుంది. నా దగ్గర ఉన్న నోటుబుక్కుల నకళ్లన్నీ ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ప్రైవేటు బడికి వెళ్లి, ఇంట్లో ఇంగ్లిషు వినే పిల్లలకు ఈ తేడాలు వింటూ వింటూ అలవాటవుతాయి. మా బడికి వచ్చే పిల్లలకు ఇంగ్లిషు దొరికేది పుస్తకంలోనే, ఆ నలభై అయిదు నిమిషాల్లోనే. పుస్తకం తప్పు తూకం ఇస్తే వాళ్లకు సరిచూసుకునే ఇంకో తూకం లేదు. ఇంగ్లిషు మాధ్యమం ఇచ్చాం కాబట్టి న్యాయం జరిగిందని అనుకోవద్దు. పదాన్ని పూర్తిగా ఇచ్చినప్పుడే ఆ న్యాయం వాళ్ల చేతికి అందుతుంది.

వచ్చే కూర్పులో ఒక్క మార్పుతోనైనా మొదలుపెట్టండి. హంగ్రీ అనే మాట ఏ పాఠంలో వచ్చినా, దాని ఎదురుగా 'ఆకలిగా ఉన్న' అని అచ్చువేయించండి.

భవదీయురాలు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు